పడ్డాం అన్న మాట

మా అక్క నడవడం నాకు పెద్దగా గుర్తు లేదు. నలభై నాలుగేళ్ళ వయసులో కూడా ఆమె పరిగెత్తేది. గురజాలలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో వ్యాయామం నేర్పేది. ఊళ్ళో అందరికీ పీఈటీ టీచరు. మెడలో విజిల్, నడుముకు బిగించి కట్టిన చున్నీ, కాళ్ళకు తెల్ల బూట్లు. పొద్దున ఆరింటికల్లా గ్రౌండులో ఉండేది. పత్తి తీతకూ మిరప కోతకూ పోతూ వారానికి మూడు రోజులు మాత్రమే స్కూలుకు వచ్చే పిల్లల్ని పోగేసి, ఏటా ఒక ఖోఖో జట్టును తయారు చేసేది. ఆ ఆట పుణ్యమాని వాళ్ళలో ఇద్దరు ముగ్గురు పోలీసు ఉద్యోగాల్లో చేరారు కూడా. తను పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "నాకు ఖాళీ ఏదీ?" అనేది.

నేను ఆమెకన్నా మూడేళ్ళు చిన్న. నరసరావుపేటలో కాపురం. దగ్గర్లో ఉన్న ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెబుతాను.

ఆ ఆదివారం గురజాలలో మా పిన్ని ఇంట్లో కృతజ్ఞతా కూడిక జరిగింది. ప్రార్థన, పాటలు, భోజనాలు అయ్యాక అక్క నాతో బయల్దేరింది. మర్నాడు నరసరావుపేటలో ఆటల పోటీల మీటింగు ఉంది, రాత్రికి మా ఇంట్లో పడుకుంటానంది. నా బండి వెనక కూర్చుంది. ఎండ ఇంకా తగ్గలేదు. పిడుగురాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఎప్పటిలాగే సున్నపు దుమ్ము కొట్ల రేకుల మీదా తుమ్మచెట్ల మీదా తెల్లగా పేరుకుని ఉంది. లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. నేను ఎడం పక్కన, రోడ్డు అంచు పట్టుకుని నిదానంగానే పోతున్నాను. ఈ మాట ఆ తర్వాత ఎన్నిసార్లు ఎంతమంది ముందు చెప్పానో లెక్క లేదు.

రాయి లోడుతో ఉన్న లారీ ఒకటి వెనకనుంచి మమ్మల్ని దాటబోయింది. ఎదురుగా బస్సు వచ్చింది. లారీ ఒక్కసారిగా ఎడమ పక్కకు కట్ కొట్టింది. దాని బాడీ నా హ్యాండిల్‌కు తగిలింది. నేను మట్టిలో పడ్డాను. అక్క తారు మీద పడింది. లారీ వెనక చక్రం ఆమె కుడి పాదం మీదుగా పోయింది. నేను లేచి వెళ్ళేసరికి తెల్ల బూటు కాలికే ఉంది. అందులో ఉన్నది మాత్రం పాదంలా లేదు.

లారీ నూరు గజాల అవతల ఆగింది. డ్రైవరు దిగి పారిపోతాడనుకున్నాను. పరిగెత్తుకుంటూ మా దగ్గరికే వచ్చాడు. కృష్ణకు అవతలి ఒడ్డు మనిషని మాట వినగానే తెలిసింది.

"నాదే తప్పన్నా. బస్సును జూసి ఇటు గుంజిన. మిమ్ముల జూడలే" అంటూ తన తువ్వాలు తీసి అక్క పిక్క కింద కట్టాడు.

అక్క స్పృహలోనే ఉంది. ఏడవడం లేదు. "ఇంకొంచెం బిగించయ్యా" అంది. పిల్లలకు దెబ్బలు తగిలితే కట్లు కట్టీ కట్టీ ఆమెకు ఆ పని బాగా తెలుసు.

ఆటోను ఆపి ఆమెను ఎత్తి కూర్చోబెట్టింది కూడా అతనే. తన ఫోన్ నంబరు చెప్పి, నా ఫోనులో నా చేతనే నొక్కించాడు. అప్పటికి జనం పోగవుతున్నారు. "నువ్వు పో, వీళ్ళు కొడతారు" అన్నాను. ఆటో కదిలింది.

దగ్గర్లో ఉన్న ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్ళాం. స్ట్రెచర్ మీద అక్క, కౌంటరు దగ్గర నేను. నా చొక్కా నిండా ఆమె నెత్తురు. కౌంటరులో ఉన్నతను తలెత్తకుండానే అడిగాడు.

"ఎట్టా జరిగింది?"

నేను నోరు తెరిచేలోపే అతనే మళ్ళీ అన్నాడు. "యాక్సిడెంట్ కేసయితే ముందు పోలీసులకు చెప్పాలండీ. వాళ్ళొచ్చి రాసుకోవాలి. ఆదివారం, డాక్టరు గారు ఆ కేసులు ముట్టుకోరు. అట్టాగైతే గుంటూరు పోవాల్సిందే. లేదా బండి మీద నుంచి మీరే పడ్డారనుకోండి, ఇప్పుడే లోపలికి తీసుకుంటాం. ఎట్టా రాయమంటారు?"

స్ట్రెచర్ కింద గచ్చు మీద చుక్కలు పడుతున్నాయి. గుంటూరు గంటన్నర దారి.

"పడ్డాం" అన్నాను. "బండి మీద నుంచి పడ్డాం."

అతను రాసుకున్నాడు. అక్కను లోపలికి తీసుకున్నారు. నెత్తురు ఆపారు, సెలైన్ పెట్టారు, గంట తర్వాత అంబులెన్సులో గుంటూరు పంపారు. డాక్టరు ఒక్క చీటీ రాసి నా చేతిలో పెట్టాడు. దాని మీద ఇంగ్లీషులో మొదటి వాక్యం 'మోటార్ సైకిల్ నుంచి పడిన కేసు' అని. గుంటూరు ఆస్పత్రిలో ఆ చీటీ చూసి తమ పుస్తకంలో అదే ఎక్కించుకున్నారు. ఆ తర్వాత ఆపరేషన్ కాగితాల్లోనూ, డిశ్చార్జి కాగితంలోనూ అదే. ఎవరూ మళ్ళీ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ రోజుల్లో నాకు ఆ వాక్యం కనపడలేదు. పాదం నిలుస్తుందా, మడమ నిలుస్తుందా, మోకాలన్నా నిలుస్తుందా, ఇవే నా ప్రశ్నలు. మోకాలు నిలిచింది. దాని కింద జానెడు తర్వాత ఏమీ మిగల్లేదు.

తొమ్మిదో రోజు మా తోడల్లుడు అన్నాడు, కేసు పెట్టాలి కదా అని. అప్పుడు గుర్తొచ్చింది. అక్క దగ్గర నా భార్యను ఉంచి బస్సెక్కి వచ్చి స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాను.

"తొమ్మిది రోజులు ఏం చేస్తన్నారు మాస్టారూ?" అన్నాడు రైటరు.

"ఆస్పత్రిలో ఉన్నానండీ."

"సరే, రాసివ్వండి."

లారీ నంబరు, డ్రైవరు ఫోన్ నంబరు రాసిచ్చాను. ఫోన్ చేసి పిలిస్తే డ్రైవరు తనే వచ్చాడు. నేను చెప్పినట్టే చెప్పాడు. లారీ తెచ్చి చూపించాడు. చార్జిషీటు వేశారు.

కొన్ని నెలల తర్వాత డ్రైవరు నాకు ఫోన్ చేసి, ఫలానా రోజు మేజిస్ట్రేటు కోర్టులో తన కేసు ఉందని చెప్పాడు. వెళ్ళాను. జనం కిక్కిరిసి ఉన్నారు. అతని పేరు పిలిచారు. లారీని అజాగ్రత్తగా నడిపి ఒక స్త్రీని గాయపరిచావని ఆరోపణ, ఒప్పుకుంటావా అని అడిగారు. "ఒప్పుకుంటున్న సార్" అన్నాడు. జరిమానా వేసి, కోర్టు లేచేదాకా అక్కడే కూర్చోమన్నారు. సాయంత్రం దాకా ఒక బల్ల చివర చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పోతూ పోతూ నాతో "అక్కకు చెప్పన్నా, క్షమించమను" అన్నాడు.

అక్కతో చెప్పాను. "ఒప్పుకున్నాడుగా, ఇంకేం" అంది. ఆమెకు నిజంగానే అతని మీద కోపం లేదు. ఆటల్లో కూడా అంతే. ఫౌల్ చేసి చెయ్యెత్తిన పిల్లను ఏమీ అనేది కాదు. చేసి నోరు మూసుకున్న పిల్లను మాత్రం గ్రౌండు చుట్టూ పది రౌండ్లు తిప్పేది.

పరిహారం కోసం మేం వేసిన కేసు అదే ఆవరణలో, పై అంతస్తులో నడిచింది. కింద డ్రైవరు మీద పోలీసుల కేసు, పైన లారీ ఓనరు మీదా ఇన్సూరెన్సు కంపెనీ మీదా మా కేసు. మా ప్లీడరు గారు పెద్దాయన, మా నాన్నకు తెలిసినవాడు. ఆరు నెలల గడువు లోపలే వేయించాడు. "కింద వాడు ఒప్పుకున్నాక పైన ఏముంటది మాస్టారూ, లెక్కలు కట్టడమే" అన్నాడు. నేనూ అట్లాగే అనుకున్నాను.

ఈలోగా స్కూలు వాళ్ళు అక్కకు కూర్చుని చేసే పని ఇచ్చారు. లైబ్రరీ తాళంచెవులు, పిల్లల హాజరు పట్టీలు. పీఈటీగా కొత్త మనిషిని తీసుకున్నారు. లైబ్రరీ కిటికీలోంచి గ్రౌండు కనపడుతుంది. వారం తిరక్కుండానే అక్క బీరువాను కిటికీకి అడ్డంగా జరిపించింది. వెలుతురు చాలడం లేదని హెడ్మిస్ట్రెస్ గారంటే, "నాకు సరిపోద్దండీ" అందట.

సాక్ష్యం చెప్పడానికి మొదట అక్కను పిలిచారు. కృత్రిమ కాలు అప్పటికింకా అలవాటు కాలేదు. పై అంతస్తుకు ఇరవై రెండు మెట్లు. రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టు మీద ఆగుతూ ఎక్కింది. నేను చెయ్యి ఇవ్వబోతే కసిరింది. జడ్జి గారు మంచాయనే, కుర్చీ వేయించాడు.

ఇన్సూరెన్సు కంపెనీ లాయరుకు యాభై ఏళ్ళుంటాయి. గొంతు మెత్తన. ఆయన ఎవరినీ కసురుకోగా నేను చూడలేదు.

"టీచర్ గారూ, ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు మీరు స్పృహలో ఉన్నారు కదా?"

"ఉన్నానండీ."

"డాక్టరుతో మాట్లాడగలిగే స్థితిలోనే ఉన్నారు?"

"ఉన్నాను."

"మరి లారీ గుద్దిందని డాక్టరుకు మీరు చెప్పలేదేం?"

"ఆయన నన్నడగలేదండీ. నా కాలు ఎదురుగా కనపడతానే ఉందిగా. బండి మీద నుంచి పడితే కాలు అట్టా అయిద్దా?"

వెనక బల్లల్లో ఎవరో చప్పరించారు. జడ్జి గారు టైపిస్టు వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పాడు: లారీ గుద్దినట్టు నేను డాక్టరుకు చెప్పలేదన్న మాట నిజమే. అంతే. మిగిలిన రెండు వాక్యాలూ కాగితం ఎక్కలేదు. అక్కకు ఇంగ్లీషు వచ్చు. తలెత్తి జడ్జి గారి వైపు చూసింది. ఆయన కాగితాల్లో చూస్తున్నాడు. ఆమెను సంతకం పెట్టమన్నారు. పెట్టింది.

తర్వాత నేను.

"మాస్టారు గారూ, మీరేం సబ్జెక్టు చెబుతారు?"

"తెలుగు."

"అయితే మాట విలువ మీకు నేను చెప్పక్కర్లేదు. ఆస్పత్రిలో ప్రమాదం సంగతి చెప్పింది మీరేనా?"

"నేనే."

"ఏమని చెప్పారు?"

"బండి మీద నుంచి పడ్డామని."

"లారీ మాట చెప్పారా?"

"అప్పుడక్కడ కౌంటర్లో..."

"చెప్పారా, చెప్పలేదా?"

"చెప్పలేదు. ఎందుకంటే..."

"చాలండి."

మా ప్లీడరు గారు లేచి, ఎందుకు చెప్పలేదో అడిగాడు. కౌంటరు మనిషి అన్న మాటలన్నీ చెప్పాను. ఇన్సూరెన్సు లాయరు మళ్ళీ లేచి, ఇదంతా పరిహారం కోసం తర్వాత కల్పించి చెబుతున్నారు అన్నాడు. కాదన్నాను. ఆ 'కాదు' కూడా కాగితం ఎక్కింది.

కౌంటరు మనిషి ఆ ఆస్పత్రిలో ఉద్యోగం మానేసి ఎటో వెళ్ళిపోయాడు. వెతికాను. దొరికినా అట్లా రాయించింది తనేనని కోర్టుకొచ్చి చెబుతాడా? 'పడ్డాం' అనడానికీ 'పడేసింది' అనడానికీ తేడా ఏమిటో పిల్లలకు ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద రాసి చూపిస్తున్నవాణ్ణి. కర్త ఎవరో చెప్పకపోతే వాక్యం తప్పు కాదు, అర్థం మాత్రం మారుతుంది.

ఆ సాయంత్రం మా ప్లీడరు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నాడు. "ఆ చీటీ వాళ్ళ చేతిలో పడుద్దని నేననుకోలా. ఇప్పుడు ఆ డ్రైవర్ని తీసుకొచ్చి చెప్పించాలి. వేరే దారి లేదు."

నేను బస్సెక్కి కృష్ణ దాటి వెళ్ళాను. వాడపల్లి దాటాక ఒక పల్లెలో అతని ఇల్లు. ఇంట్లోనే ఉన్నాడు. విషయం చెబితే ముందు అర్థం కాలేదు.

"నేనే గుద్దిన అని ఆడ జడ్జి ముంగట ఒప్పుకున్న గదన్నా. పైసల్ గూడ కట్టిన. మల్ల గుద్దిండా లేదా అని అడుగుడేంది?"

"అది కింది కోర్టు. ఇది వేరే కోర్టు."

"ఒక్కటే బిల్డింగ్ గదనే!"

ఓనరు వద్దంటాడేమోనని భయపడ్డాను. అతను ఓనరును అడగనేలేదు. "వస్తన్నా. అక్క కాలు నా కండ్ల ముంగటనే పోయింది" అన్నాడు.

మొదటి వాయిదాకు వచ్చాడు. జడ్జి గారు సెలవు. రెండో వాయిదాకు లోడు మానుకుని మళ్ళీ వచ్చాడు. ఆ రోజు లాయర్లు ఏదో గొడవ మీద విధులు బహిష్కరించి ఆవరణలో టెంటు వేసుకుని కూర్చున్నారు. మా ప్లీడరు గారు కూడా ఆ టెంటులోనే ఉన్నాడు. నన్ను చూసి చేతులు చాపాడు, ఏం చేయమంటావన్నట్టు. డ్రైవరు, నేనూ బయట టీ తాగాం. "ఇంకోపాలి పిలువన్నా, వస్త" అన్నాడు. మూడో వాయిదా నాటికి అతను ఉల్లిపాయల లోడుకు మహారాష్ట్ర వెళ్ళి ఉన్నాడు. రెండు రోజులు ఆగితే వస్తాడని చెప్పించాం.

"ఎన్ని వాయిదాలివ్వాలి? రెండుసార్లు ఇచ్చాం కదా" అన్నాడు జడ్జి గారు. ఆ రెండుసార్లూ సాక్షి వచ్చాడని, కోర్టే జరగలేదని మా ప్లీడరు గారు చెప్పాడు. వచ్చినట్టు రికార్డులో ఎక్కడుందని ఇన్సూరెన్సు లాయరు అడిగాడు. లేదు. జడ్జి గారు సెలవు పెట్టిన రోజు ఎవరొచ్చారో ఎవరు రాసుకుంటారు? సాక్ష్యం ముగిసిందని రాసేశారు.

మళ్ళీ తెరవమని పిటిషన్ వేశాం. దాన్ని కొట్టేశారు. కేసులో ఉన్న లొసుగులు పూడ్చుకోవడానికే వేశారని అందులో రాశారు. ఆ మధ్యాహ్నం డ్రైవరు కోర్టు వరండాలోనే ఉన్నాడు. మహారాష్ట్ర నుంచి రాత్రంతా లారీ నడుపుకుంటూ వచ్చి, మాసిన బట్టలతో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. లోపల తన గురించే మాట్లాడుతున్నారని అతనికి తెలుసు. నన్ను చూసి "పిలుస్తరా?" అన్నాడు. పిలవరని చెప్పాను. నమ్మలేదు. బంట్రోతు తలుపులు మూసేదాకా ఉండి వెళ్ళాడు.

తీర్పు వేసవిలో వచ్చింది. పన్నెండు పేజీలు. అక్క ఇంటి ముందు వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని ఆమెకు చదివి వినిపించాను. ఘటన జరిగిన రెండు గంటల్లోపే తయారైన ఆస్పత్రి కాగితంలో లారీ ప్రస్తావన లేదు. అది చెప్పింది పిటిషనరు తమ్ముడే. ఫిర్యాదు తొమ్మిది రోజులు ఆలస్యమైంది, ఆ ఆలస్యానికి సరైన సంజాయిషీ లేదు. డ్రైవరు కింది కోర్టులో నేరం ఒప్పుకోవడం విచారణ తప్పించుకోవడానికే కావచ్చు, ఇన్సూరెన్సు కంపెనీ దానికి కట్టుబడనక్కర్లేదు. డ్రైవర్ను సాక్షిగా పిలవకపోవడం పిటిషనరుకు ప్రతికూలంగా తీసుకోవాల్సి వస్తుంది. కాబట్టి లారీ ఈ ప్రమాదంలో ఉన్నట్టు రుజువు కాలేదు.

అక్క మొత్తం వింది. చివరి పేజీ అయ్యాక అంది.

"అంటే నేను పడ్డానన్నమాట."

కాగితాలు మడిచి మంచం మీద పెట్టాను.

"కింద ఆయన లారీ గుద్దిందని అతనికి జరిమానా వేశాడు. పైనాయన లారీయే లేదంటన్నాడు. మరి ఆ జరిమానా అతనికి వెనక్కిస్తారేందిరా?"

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. కృత్రిమ కాలు ఊడదీసి పక్కన పెట్టుకుని, తొడిగిన గుడ్డ విప్పి మొండిని రుద్దుకుంది. ఎండాకాలంలో అక్కడ చెమటకాయలు లేచేవి.

"నేనూ ఫౌల్ పిలిచేదాన్నే. గీత మీద కాలు పడితే ఫౌలే, ఎవురి పిల్లయినా సరే. కానీ ఆట చూసి పిలిచేదాన్నిరా. చూడకుండా ఎట్టా పిలుస్తారు?" అంది. నా వైపు చూడకుండానే, "ఎందుకన్నావురా ఆ మాట?" అంది.

అప్పటికి మూడేళ్ళు. ఆ మూడేళ్ళలో ఆమె నన్ను ఆ ప్రశ్న అడగడం అదొక్కసారే. నా దగ్గర జవాబు ఉంది. నెత్తురు పోతోందని, గుంటూరు దూరమని, నిన్ను బతికించుకోవాలని. అన్నీ నిజమే. లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను.

అప్పీలుకు తొంభై రోజులు గడువుంది. మా ప్లీడరు గారు కబురు మీద కబురు పెట్టాడు. అక్క ఒప్పుకోలేదు. "ఇంక నేను ఏ మెట్లూ ఎక్కను" అంది. బతిమాలాను, మా పిన్ని చేత చెప్పించాను, పాస్టరు గారు ఇంటికొచ్చి ప్రార్థన చేసి చెప్పాడు. ఆయన ముందు తల వంచుకుని కూర్చుంది, ఆయన వెళ్ళాక "ఎవర్నీ తీసుకురావద్దురా" అంది. గడువు పోయింది. ఆ పైన ఇంకో ఏడాది పోయింది.

ఒకరోజు మా స్కూలు టీచరు కూతురి పెళ్ళిలో ఇన్సూరెన్సు లాయరు కనపడ్డాడు. భోజనాల దగ్గర ఆయనే నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చున్నాడు. అక్క ఎలా ఉందని అడిగాడు. బాగానే ఉందన్నాను. ఆయన విస్తట్లో పప్పు కలుపుకుంటూ, గొంతు తగ్గించి అన్నాడు.

"మీ అక్కగారిని లారీయే గుద్దిందని నాకూ తెలుసు మాస్టారూ. ఫైలు చూసిన రోజే తెలుసు. కానీ ఆ చీటీ నా చేతికి వచ్చాక నేను వాడకపోతే నా వృత్తికి నేను ద్రోహం చేసినట్టే కదా. మీరు ఏమీ అనుకోవద్దు. అప్పీలుకు పోవాల్సింది. పైన నిలిచేది కాదు మా తీర్పు."

నేను మధ్యలో లేచి చెయ్యి కడుక్కున్నాను. అంతకన్నా ఏమీ చేయలేకపోయాను. ఆయన చెడ్డవాడైతే నాకు తేలికగా ఉండేది.

అక్కకు చెప్పకూడదనుకున్నాను. వారం తర్వాత చెప్పేశాను. లైబ్రరీలో పుస్తకాలకు అట్టలు వేస్తోంది. కత్తెర కింద పెట్టింది.

"ఆయనకు తెలుసా?"

"తెలుసన్నాడు."

"తెలిసే నన్ను అట్టా అడిగాడా? ఆ రోజు కుర్చీలో కూర్చోబెట్టి?"

"ఊఁ."

"వెయ్యి అప్పీలు. ఇయ్యాలే వెయ్యి."

పై కోర్టులో కేసులు చూసే ఒక లాయరమ్మ దగ్గరికి వెళ్ళాం. ముప్పై ఐదేళ్ళుంటాయి, చురుకైన మనిషి. కాగితాలు గబగబా తిరగేసి, "కేసు బాగుంది. గెలుస్తాం. కానీ ఏడాది పైన ఆలస్యం. ముందు ఆ ఆలస్యాన్ని మన్నించమని అడగాలి. దానికి కారణం రాయాలి. ఈ కాలంలో మీకేమైనా జబ్బు చేసిందా మేడమ్?" అంది.

"లేదు" అంది అక్క.

"కామెర్లు?"

"లేవు."

"అందరూ కామెర్లనే రాస్తారండీ. ఒక డాక్టరు సర్టిఫికెట్ తెచ్చుకోండి చాలు. కోర్టు వాళ్ళూ పట్టించుకోరు."

అక్క ఆమె వైపు తిరిగింది. "ఒక్క అబద్ధం మాటకే కదమ్మా మా కేసు పోయింది. ఇప్పుడు ప్రమాణం చేసి ఇంకోటి చెప్పమంటావా?"

"అబద్ధం అనుకోకండి మేడమ్. అది ఫార్మాలిటీ."

"ఉన్నది రాయమ్మా. మనసు విరిగి రాలేదు, తర్వాత కోపమొచ్చి వచ్చానని రాయి."

"మనసు విరగడం తగిన కారణం కాదండీ చట్టంలో."

"కాలు విరిగిందిగా, అది రాయి."

లాయరమ్మ నా వైపు చూసింది. రేపొచ్చి మాట్లాడతానని చెప్పి అక్కను తీసుకుని బయటకొచ్చాను. మర్నాడు అక్కకు చెప్పకుండా మాకు తెలిసిన ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళి కామెర్ల సర్టిఫికెట్ రాయించుకున్నాను. రెండు నిమిషాల పని. ఆయన ఎందుకని కూడా అడగలేదు. దాన్ని సంచిలో పెట్టుకుని లాయరమ్మ ఆఫీసుకు వెళ్ళాను. ఆమె ప్రమాణపత్రం సిద్ధం చేసి ఉంచింది, అక్క చెప్పినట్టే. చివర్లో "జబ్బు కాగితం ఏమైనా తెచ్చారా సార్?" అని అడిగింది.

సంచి నా ఒళ్ళోనే ఉంది. "లేదండీ" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తేల్చుకోలేను. అక్కంటే గౌరవమా, ఇంకోసారి ఆమె తరఫున అబద్ధం చెప్పాలంటే భయమా?

ఎనిమిది నెలల తర్వాత ఆ పిటిషన్ పిలుపుకొచ్చింది. అయిదు నిమిషాలు కూడా పట్టలేదట. ఆలస్యానికి తగిన కారణం చూపలేదని కొట్టేశారు. ఆలస్యమే మన్నించలేదు కాబట్టి అప్పీలును వినాల్సిన అవసరం రాలేదు. లారీ ఉందా లేదా అన్న మాట దాకా ఎవరూ పోలేదు. ఇంకా పైకి పోవచ్చని లాయరమ్మ ఫోన్లో చెప్పింది. ఢిల్లీ అంది. సరే చూస్తామన్నాను.

ఆ ఆదివారం గురజాల వెళ్ళి అక్కకు చెప్పాను. చర్చి నుంచి అప్పుడే వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే కూర్చుని ఉంది. వింది. నాకు దాచుకోవడం చేతకాక, సర్టిఫికెట్ సంగతి కూడా చెప్పేశాను. నా సంచిలో ఉండి కూడా ఇవ్వలేదని, నీ మాట నిలబెట్టానని. మెచ్చుకుంటుందనుకున్నానేమో.

అక్క వీధిలోకి చూసింది. ఎవరో పిల్లలు సైకిళ్ళ మీద పోతూ "నమస్తే టీచర్" అన్నారు. తలూపింది.

"ఇచ్చేయాల్సిందిరా" అంది. "నాకు చెప్పకుండా ఇచ్చేయాల్సింది."

ఆమె నోట ఆ మాట వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు. ఫౌల్ చేసి దాచిన పిల్లను పది రౌండ్లు తిప్పిన మనిషి. కోర్టులు మా నుంచి ఏమేం తీసుకున్నాయో ఎవరైనా అడిగితే, కేసు సంగతి తర్వాత చెబుతాను, ముందు ఈ మాట చెబుతాను.

అక్క గోడ పట్టుకుని లేచి, అన్నం పెడతాను రమ్మని లోపలికి వెళ్ళింది.